టైరు పేలినా విమానం ఎందుకు ఆగదు?

బస్సు టైరు పేలితే డ్రైవరు ఏం చేస్తాడు? స్టీరింగు గట్టిగా పట్టుకుంటాడు. మెల్లగా వేగం తగ్గిస్తాడు. రోడ్డు పక్కకు తీసి ఆపుతాడు. జనం దిగుతారు. స్టెపినీ వేస్తారు. చెట్టు కింద అరగంట కూర్చుంటే మళ్లీ ప్రయాణం మొదలవుతుంది.

విమానం టైరు కూడా అప్పుడప్పుడు పేలుతుంది. పైకి లేవడం కోసం నేల మీద పరుగెత్తేటప్పుడు పేలుతుంది. అప్పుడు పైలట్ ఏం చేయాలి? వెంటనే ఆపాలి అని ఎవరికైనా అనిపిస్తుంది. కానీ చాలాసార్లు పైలట్లు ఆపరు. ఇంజన్ల జోరు తగ్గించరు. పేలిన టైరుతోనే గాలిలోకి లేస్తారు.

వినడానికి ఇది వింతగా ఉంటుంది. లోపల వందలమంది కూర్చుని ఉంటే ఇదేం తెగింపు అనిపిస్తుంది. కానీ దీని వెనక ఒక లెక్క ఉంది. ఆ లెక్క విమానం కదలక ముందే వేసి పెట్టుకుంటారు.

కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఎందరో ఆడవాళ్లు పని కోసం కువైట్ వెళ్తున్నారు. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి మగవాళ్లు దుబాయ్ పోతున్నారు. వాళ్లను విమానం ఎక్కించి వచ్చిన రోజు ఇంట్లో ఎవరికీ సరిగా నిద్ర పట్టదు. విమానం సంగతి కొంచెం తెలిస్తే ఆ భయం కొంచెం తగ్గుతుంది.

విమానం టైరు ఎలా ఉంటుంది?

మన దేశంలో ఎక్కువగా తిరిగే విమానాల్లో ఎయిర్‌బస్ 320 ఒకటి. దానిలో సుమారు 180 మంది పడతారు. మనుషులు, సామాను, ఇంధనం అన్నీ కలిపి దాని బరువు 70 టన్నులు దాటుతుంది. ఒక టన్ను అంటే పది క్వింటాళ్లు. అంటే 700 క్వింటాళ్లకు పైమాటే. ఇంత బరువునీ మోసేది ఆరు చక్రాలు. ముక్కు కింద రెండు, రెక్కల కింద నాలుగు. వెనక ఉన్న నాలుగింటి మీదే ఎక్కువ బరువు పడుతుంది. ఒక్కో టైరు 15 టన్నులకు మించి మోస్తుంది.

ఇంకా పెద్ద విమానాలకు చక్రాలు కూడా ఎక్కువే. రెండు అంతస్తుల ఎయిర్‌బస్ 380 కి 22 చక్రాలు ఉంటాయి.

టైరులో నింపేది మామూలు గాలి కాదు. నైట్రోజన్ నింపుతారు. మనం పీల్చే గాలిలో ఎక్కువ భాగం ఇదే. దీనికి మంటను పెంచే గుణం లేదు. తేమ ఉండదు కాబట్టి పైన చలిలో లోపల మంచు కట్టదు. కారు టైరులో గాలి కొలిస్తే ముల్లు 30, 35 దగ్గర ఆగుతుంది. పెద్ద విమానం టైరు దగ్గర 200 చూపిస్తుంది. అంత బిగువుగా ఉంటుంది కాబట్టే పేలితే బాంబు పేలినట్టు ఉంటుంది.

ఇక్కడ వంటింటి సంగతి ఒకటి చెప్పుకోవాలి. ప్రెషర్ కుక్కరు మూతకు విజిల్‌తో పాటు సేఫ్టీ వాల్వ్ ఉంటుంది. నీళ్లు ఇంకిపోయి కుక్కరు బాగా వేడెక్కితే ఆ వాల్వ్‌లోని లోహం కరిగిపోతుంది. ఆవిరి బయటికి పోతుంది. కుక్కరు పేలకుండా ఉంటుంది. విమానం చక్రానికి కూడా సరిగ్గా ఇలాంటి బిరడాలే ఉంటాయి. బ్రేకులు విపరీతంగా కాలినప్పుడు అవి కరుగుతాయి. లోపలి నైట్రోజన్ బుస్సున బయటికి పోతుంది. టైరు పేలదు, చదునుగా అయిపోతుంది. వంటింటిలో ఆడవాళ్లను కాపాడే ఉపాయం, విమానాన్ని కాపాడే ఉపాయం ఒకటే.

మరి టైరు ఎందుకు పేలుతుంది? రన్‌వే మీద పడి ఉన్న ఇనప ముక్క గుచ్చుకోవచ్చు. టైరు పాతది కావచ్చు. అన్నిటికంటే చెడ్డది, గాలి తగ్గిన టైరుతో పరుగెత్తడం. గాలి తగ్గిన టైరు తిరిగేటప్పుడు నలుగుతుంది. నలిగితే వేడెక్కుతుంది. వేడెక్కితే చీలుతుంది. పైగా అది మోయవలసిన బరువు పక్క టైరు మీద పడుతుంది. కావడికి ఒకవైపు మోసేవాడు తప్పుకుంటే రెండోవాడి గతి ఏమవుతుందో ఆ పక్క టైరు గతి కూడా అంతే.

వీ వన్ అనే కేక

విమానం పరుగెత్తే దారిని రన్‌వే అంటారు. హైదరాబాద్ దగ్గర శంషాబాద్‌లో పెద్ద రన్‌వే పొడవు నాలుగు కిలోమీటర్ల పైచిలుకు. పొడవు ఎంత ఉన్నా, దానికి ఒక చివర ఉంటుంది కదా. ఆ చివరిలోపు విమానం పైకైనా లేవాలి, ఆగనైనా ఆగాలి.

బయలుదేరే ముందు పైలట్లు ఇద్దరూ కూర్చుని లెక్క వేస్తారు. ఈ రోజు విమానం బరువు ఎంత? ఎండ ఎంత ఉంది? గాలి ఎటు వీస్తోంది? రన్‌వే పొడిగా ఉందా, వానకు తడిసిందా? రన్‌వే పొడవు ఎంత? వీటన్నిటినీ బట్టి ఒక వేగం తేలుతుంది. దానికి వీ వన్ అని పేరు. ఆ వేగం అందుకునే లోపు నిర్ణయం తీసుకుంటే విమానాన్ని రన్‌వే మీదే ఆపవచ్చు. ఆ వేగం దాటితే ఇక ఆపకూడదు. ఆపబోతే రన్‌వే చాలదు. విమానం చివర దాటి పొలాల్లోకో, గోడ మీదికో పోతుంది.

ఈ అంకె రోజూ ఒకేలా ఉండదు. పొద్దున వెళ్లిన విమానానికి ఒక అంకె, మధ్యాహ్నం అదే విమానానికి ఇంకో అంకె వస్తుంది.

పరుగు మొదలైందంటే ఒక పైలట్ విమానం నడుపుతారు. రెండో పైలట్ వేగం చూపించే ముల్లును చూస్తూ ఉంటారు. కెప్టెన్ చెయ్యి ఇంజన్ల జోరు పెంచే, తగ్గించే పిడి మీద ఉంటుంది. ఆపవలసి వస్తే వెంటనే వెనక్కు లాగడానికి. వేగం పెరుగుతుంది. "వీ వన్" అని కేక వినిపిస్తుంది. అప్పుడు కెప్టెన్ ఆ పిడి మీంచి చెయ్యి తీసేస్తారు. చెయ్యి అక్కడే ఉంటే, ఏదైనా చప్పుడు వినిపించగానే భయంతో లాగేయవచ్చు. అందుకే చెయ్యి తీసేయాలని నియమం పెట్టారు. మనిషి భయాన్ని కూడా లెక్కలోకి తీసుకున్న నియమం ఇది.

ఇప్పుడు టైరు సంగతి చూద్దాం. విమానం మెల్లగా ఉన్నప్పుడు టైరు పేలితే గొడవ లేదు. ఆపేస్తారు. గంటకు 180 కిలోమీటర్ల వేగం దాటాక మాత్రం పద్ధతి మారుతుంది. అప్పుడు ఇంజను చెడిపోవడం, మంట లేవడం లాంటి పెద్ద ఆపద అయితేనే ఆపుతారు. ఒక్క టైరు పేలినంత మాత్రాన ఆపరు. వీ వన్ ఇంకా రాకపోయినా సరే, ముందుకే పోతారు.

దీనికి కారణం ఉంది. విమానాన్ని ఆపేది బ్రేకు. బ్రేకు పట్టు దొరికేది టైరు వల్ల. టైరు పోతే ఆ చక్రం బ్రేకు సగానికి సగం పనికిరాదు. ఇంతదూరంలో ఆగుతుంది అని ముందు వేసిన లెక్క అన్ని టైర్లూ బాగున్నాయి అనుకుని వేసింది. టైరు పేలగానే ఆ లెక్క తప్పుతుంది. పైకి లేవడానికి మాత్రం టైరు అంతగా అక్కర లేదు. లేపేవి ఇంజన్లు, రెక్కలు. అవి బాగున్నాయి. ఆగడానికి కావలసినది పోయింది, ఎగరడానికి కావలసినది ఉంది. అలాంటప్పుడు ఎగరడమే క్షేమం.

ఆలోచించడానికి సమయం కూడా ఉండదు. గంటకు 250 కిలోమీటర్ల వేగం అంటే ఒక్క సెకనులో 70 మీటర్లు పోతుంది. ఏం జరిగింది అని ఇద్దరూ మొహాలు చూసుకునే లోపు రెండు వందల మీటర్లు అయిపోతాయి. అందుకే ఆలోచన ముందే చేసి పెట్టుకుంటారు. ఉత్తుత్తి విమానం గది ఒకటి ఉంటుంది. దాన్ని సిమ్యులేటర్ అంటారు. అచ్చం విమానంలాగే ఊగుతుంది, చప్పుడు చేస్తుంది. పైలట్లు ఏడాదికి కొన్నిసార్లు అందులో కూర్చుని ఇంజను చెడినట్టు, మంట లేచినట్టు, పరుగులో ఉండగా ఆపవలసి వచ్చినట్టు సాధన చేయాలి. పరీక్షలో తప్పితే విమానం ఇవ్వరు. మన దేశంలో ఈ పరీక్షలు నెగ్గి విమానాలు నడిపే ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. ప్రపంచంలో వందమంది పైలట్లలో ఆడవాళ్లు ఎందరు అని చూస్తే, మన దేశం చాలా దేశాల కంటే ముందుంది.

ఆపబోతే ఏమైంది?

1978 మార్చి 1 న అమెరికాలోని లాస్ ఏంజిలస్ నగరంలో ఒక పెద్ద విమానం బయలుదేరింది. హవాయి దీవులకు పోవాలి. లోపల 200 మంది ఉన్నారు. రన్‌వే తడిగా ఉంది. వీ వన్ వేగానికి దగ్గర పడుతుండగా ఎడమవైపు టైర్లు ఒకదాని వెంట ఒకటి పేలాయి. కెప్టెన్ ఆపాలని నిర్ణయించాడు. వీ వన్ ఇంకా దాటలేదు కాబట్టి కాగితం మీద లెక్క ప్రకారం ఆగాలి. కానీ పేలిన టైర్లకు, తడి నేలకు పట్టు దొరకలేదు. విమానం రన్‌వే చివర దాటిపోయింది. ఎడమ చక్రాల కాలు విరిగింది. ఇంధనం కారి మంట లేచింది. దిగడానికి వేసిన జారుడు బల్లలు కొన్ని మంటకు పాడైపోయాయి. ఎక్కువమంది బయటపడ్డారు, కొందరు ప్రాణాలు పోగొట్టుకున్నారు.

ఆ కెప్టెన్‌ది తప్పు అనడానికి లేదు. అప్పటి నియమాలు అలాగే ఉన్నాయి. ఈ ప్రమాదం తర్వాత టైర్ల పరీక్షలు గట్టిగా చేయడం మొదలుపెట్టారు. ఒక టైరు పేలితే పక్క టైరు ఆ బరువు మోయగలదా అని చూడడం మొదలైంది.

గాలి నింపకుండా పంపిన విమానం

ముందుకు పోవడం కూడా అన్నిసార్లూ క్షేమం కాదు. ఆ సంగతి చెప్పకపోతే ఈ కథ సగమే అవుతుంది.

1991 జూలై 11. సౌదీ అరేబియాలోని జెడ్డా విమానాశ్రయం. నైజీరియా నుంచి హజ్ యాత్రకు వచ్చినవాళ్లు ఇంటికి బయలుదేరారు. అందరూ మామూలు జనం. జీవితంలో ఒక్కసారి మక్కా చూడాలని డబ్బు కూడబెట్టుకుని వచ్చినవాళ్లు. విమానంలో సిబ్బందితో కలిపి 261 మంది.

ఆ విమానం టైర్లలో గాలి తగ్గిందని దాన్ని బాగుచేసే మెకానిక్‌లకు ముందే తెలుసు. నింపాలని వాళ్లు అనుకున్నారు. నైట్రోజన్ దగ్గరలో దొరకలేదు. తెప్పించి నింపితే విమానం ఆలస్యం అవుతుంది. ఆలస్యానికి పైవాళ్లు ఒప్పుకోలేదు. గాలి తగ్గిన టైర్లతోనే విమానం కదిలింది.

పరుగు మొదలైన కాసేపటికే ఒక టైరు పోయింది. దాని పక్కది తిరగడం ఆగిపోయి నేల మీద ఈడ్చుకుంటూ పోయింది. రాపిడికి నిప్పు పుట్టింది. పైలట్లకు ఏదో చప్పుడు, అదురు తెలిశాయి. నిప్పు సంగతి మాత్రం తెలియలేదు. చక్రాలు ముడుచుకునే గూటిలో మంట ఉంటే చెప్పే పరికరం ఆ విమానంలో లేదు. వాళ్లు మామూలుగానే పైకి లేచారు. మామూలుగానే చక్రాలను లోపలికి ముడిచారు. మండుతున్న రబ్బరు విమానం కడుపులోకి పోయింది. అక్కడే నూనె గొట్టాలు, కరెంటు తీగలు ఉంటాయి. ఒక్కొక్కటే పని చేయడం మానేశాయి. పైలట్లు వెనక్కు తిప్పారు. రన్‌వే ఇంకొన్ని కిలోమీటర్ల దూరం ఉందనగా విమానం కూలిపోయింది. 261 మందిలో ఒక్కరూ మిగల్లేదు.

విచారణ చేసినవాళ్లు మొదటి కారణంగా చెప్పింది టైర్లలో గాలి లేకపోవడమే. కాస్త నైట్రోజన్, కాస్త సమయం. అంతకుమించి ఆ టైర్లకు ఏమీ అక్కర లేదు. ఆ మెకానిక్‌ల మాట విని ఉంటే ఆ 261 మంది ఇళ్లకు చేరేవాళ్లు.

టైరు పోయిందని అనుమానం వస్తే ఇప్పుడు పైలట్లు చక్రాల గురించి ప్రత్యేకంగా ఆలోచిస్తారు. వెంటనే ముడవాలా, కాసేపు బయటే ఉంచి గాలికి చల్లారనివ్వాలా అని చూస్తారు. కొత్త విమానాల్లో బ్రేకు ఎంత వేడిగా ఉందో కూర్చున్న చోటే కనిపిస్తుంది. చాలావాటిలో ప్రతి టైరు గాలి కూడా కనిపిస్తుంది.

2000 జూలై 25 న ఫ్రాన్స్‌లోని పారిస్‌లో జరిగింది ఇంకో రకం. కాంకార్డ్ అని ధ్వని కంటే వేగంగా పోయే విమానం ఉండేది. అంతకు ఐదు నిమిషాల ముందు లేచిన వేరే విమానం నుంచి మూరెడు లోహపు పట్టీ ఒకటి రన్‌వే మీద ఊడి పడింది. కాంకార్డ్ టైరు దాని మీదికి ఎక్కి పేలింది. నాలుగున్నర కిలోల రబ్బరు ముక్క ఎగిరి రెక్క అడుగున తగిలింది. ఆ దెబ్బకు ఇంధనం ట్యాంకు పగిలింది. మంట లేచింది. అప్పటికి వీ వన్ దాటిపోయింది. ఆపడానికి వీలు లేదు, ఎగరడానికి ఇంజన్లలో జోరు లేదు. రెండు నిమిషాల్లోపే ఒక హోటలు మీద కూలింది. విమానంలో 109 మంది, కింద నలుగురు చనిపోయారు. ఆ తర్వాత కాంకార్డ్‌కు గట్టి టైర్లు వేశారు, ట్యాంకుల లోపల గట్టి గుడ్డ పరిచారు. 2003 లో ఆ విమానాలను పూర్తిగా మానేశారు.

పైకి లేచాక ఏం చేస్తారు?

ఇవి పెద్ద ప్రమాదాలు కాబట్టి అందరికీ తెలిశాయి. ఏమీ కాకుండా దిగినవి చాలా ఎక్కువ. 2022 జూలైలో దుబాయ్ నుంచి ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌కు పోతున్న ఒక రెండంతస్తుల విమానానికి 22 టైర్లలో ఒకటి పేలింది. విమానం అడుగున రేకుకు చిల్లు పడింది. అయినా సుమారు 14 గంటలు ఎగిరి బ్రిస్బేన్‌లో భద్రంగా దిగింది.

టైరు పేలి పైకి లేచిన పైలట్లు మొదట చేసే పని విమానాన్ని నిటారుగా, నిదానంగా పైకి తీసుకుపోవడం. మిగతావన్నీ తర్వాత. కొంత ఎత్తుకు పోయాక కంట్రోల్ టవర్‌కు కబురు చెప్తారు. టవర్ వాళ్లు ఆ రన్‌వే మీదికి ఇంకో విమానాన్ని రానివ్వరు. జీపు పంపి రబ్బరు ముక్కలన్నీ ఏరిస్తారు. పారిస్‌లో ఒక పట్టీ వల్ల ఏం జరిగిందో వాళ్లకు తెలుసు.

ఈలోపు పైలట్లు లోపల అన్నీ చూస్తారు. నూనె కారుతోందా? ఇంధనం తగ్గుతోందా? ఇంజనులోకి రబ్బరు ముక్క ఏమైనా పోయిందా? ఏమీ లేకపోతే దూరం పోవచ్చు. అనుమానం ఉంటే దగ్గరలో దిగాలి. కానీ నిండు ఇంధనంతో విమానం చాలా బరువుగా ఉంటుంది. దిగేటప్పుడు అంత బరువు మంచిది కాదు. కొన్ని పెద్ద విమానాలు ఇంధనాన్ని ఆకాశంలోనే వదిలేస్తాయి. చిన్నవాటికి ఆ వసతి లేదు. అవి గుండ్రంగా తిరుగుతూ ఇంధనం ఖర్చు చేస్తాయి. విమానం ఒకే చోట గంటసేపు చక్కర్లు కొడుతుంటే లోపలివాళ్లకు దడ పుడుతుంది. పైలట్‌కు ఏం చేయాలో తెలియక తిప్పుతున్నాడేమో అనుకుంటారు. అప్పుడు జరుగుతున్నది బరువు దించుకునే పని.

దిగడానికి పొడవైన రన్‌వే ఎంచుకుంటారు. ఫైరింజన్లు, అంబులెన్సులు ముందే వచ్చి నిలబడతాయి. విమానంలో పనిచేసే అమ్మాయిలు ప్రయాణికులకు చెప్పవలసినవి చెప్తారు. బెల్టు బిగించాలి. చెప్పినప్పుడు తల వంచి కూర్చోవాలి. దిగమంటే సంచులు, పెట్టెలు వదిలేసి దిగాలి. బంగారం ఉన్న సంచి అయినా సరే వదలాలి. పైనున్న సంచి లాగుతూ దారిలో నిలబడితే వెనక ఉన్న పిల్లల తల్లి కదలలేదు.

పైలట్లు వీలైనంత మెత్తగా దించుతారు. ఇంజన్ల గాలిని ముందుకు మళ్లించి వేగం తగ్గిస్తారు. దానివల్ల బ్రేకుల మీద భారం తగ్గుతుంది. విమానం ఒక పక్కకు గుంజుతుంది, దాన్ని సరిచేస్తూ నడిమి గీత మీద ఆపుతారు. ఆగాక అక్కడే ఉంటుంది. పేలిన టైరుతో టెర్మినల్ దాకా నడపరు.

ఫైరింజను మనుషులు చక్రాల దగ్గరకు పక్కనుంచి రారు. ముందునుంచో వెనకనుంచో వస్తారు. కాలిన చక్రం పగిలితే ముక్కలు పక్కలకు ఎగురుతాయి. వేడి చల్లారే దాకా కాపు కాస్తారు. ప్రయాణికులను దించి బస్సులో తీసుకుపోతారు. తర్వాత మెకానిక్‌లు ఆ కాలి కింద జాకీ పెట్టి లేపి, చక్రం మొత్తం ఊడదీసి కొత్తది బిగిస్తారు. పక్క టైరు బాగానే ఉన్నట్టు కనిపించినా దాన్ని కూడా మారుస్తారు. తన జోడీ పోయాక రెండింతల బరువు మోసింది కదా, లోపల ఎక్కడ నలిగిందో పైకి కనిపించదు.